బదులు చెప్పేవాడు

1వ రోజు

లాకుల శాఖవారు ఈ పుస్తకం ఇచ్చి వెళ్లారు. పనిగొంతును మొదలుపెట్టడానికి చేసే ప్రతి ప్రయత్నమూ ఇందులో రాయాలి. వేళ, తెర మీద కనిపించినది. సొంత సంగతులు రాయకూడదని లేదు. రాయమనీ లేదు.

నా భార్య కాత్యాయని పోయి పదహారు రోజులు. నాలుగు రోజుల జ్వరం. అంతకుముందు పదకొండేళ్లు ఉత్తర లాకు నడిపింది. లాకు నడిపేవాళ్లు పనిలో మాట్లాడే ప్రతి మాటనూ శాఖ దాచి ఉంచుతుంది. మనిషి పోయాక ఆ మాటలతో ఒక ప్రోగ్రామ్ తయారుచేస్తారు. అదే పనిగొంతు. ఆ తర్వాత సముద్రపు నీటికి అడ్డంగా ఉన్న లాకు తలుపులు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో అదే చెబుతుంది.

పనిగొంతు మొదట ఇంట్లో లేవాలన్నది ఆనవాయితీ. ఇంటివాళ్లే లేపాలి. ఒక రోజు ఇంట్లో ఉంటుంది. మర్నాడు లాకుకు పంపాలి. ముప్పయ్యో రోజు సాయంత్రం ఐదు లోపల లేవకపోతే దాన్ని చెరిపేసి, లాకులో మామూలు ప్రోగ్రామ్ ఉంచేస్తారు.

నాకు కావలసింది ఆ ఒక్క రోజు.

ఉదయం 8:10. ఇన్‌స్టాల్ పూర్తయింది. నొక్కాను. తెర నల్లబడింది. నలభై సెకన్ల తర్వాత: "మొదలు కాలేదు. 212."

8:25. మళ్లీ. "మొదలు కాలేదు. 206."

తర్వాత పనికి వెళ్లాను. పదిహేడు వీధి నీళ్ల తొట్లలో ఉప్పు పరీక్షించి జెండాలు కట్టాను. పచ్చజెండా తాగడానికి, పసుపు కడుక్కోవడానికి. నాలుగో వీధి తొట్టికి ఎర్రది, ముట్టుకోవద్దని. అక్కడి వాళ్లు నన్ను చూసి ఏమీ అనలేదు. మామూలుగా అయితే అంటారు.

2వ రోజు

ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ వేశాను. "మొదలు కాలేదు. 240." కంప్యూటరు పెట్టెలోని మిగతా ప్రోగ్రాములన్నీ ఆపాను. "238." గడియారం సరిచేశాను. "231."

శాఖ సహాయకేంద్రానికి ఫోను చేశాను. రత్నమేరి అనే ఆవిడ మాట్లాడారు.

"ఆపి మళ్లీ ఆన్ చేశారా అండి?"

"చేశాను."

"ప్లగ్గు పీకేసి?"

"పీకేసి."

"ఎంతసేపు ఉంచారు?"

"మూడు నిమిషాలు."

"ఐదు ఉంచాలండి."

"మూడుకీ ఐదుకీ తేడా ఏమిటండి?"

"రెండండి," అన్నారు ఆవిడ. వేళాకోళం కాదు. అలసట.

తప్పు నంబర్లు చదివి వినిపించాను. ఆవిడ పట్టికలో వెతికారు. వందలోపు నంబర్లే ఉన్నాయట. రెండు వందలు దాటినవి ఎప్పుడూ చూడలేదన్నారు.

ఐదు నిమిషాలు ఉంచి చూశాను. "మొదలు కాలేదు. 190."

5వ రోజు

మూడు ప్రయత్నాలు. 155, 149, 203.

పక్కింటి మాణిక్యాంబ గారు పెసరట్లు తెచ్చారు. వాళ్లాయన పడవ ఇంజన్ల మెకానిక్. పోయినేడు పోయారు. పడవల శాఖ వాళ్లకూ ఇదే ఆనవాయితీ.

"లేచిందా అండి?" అని అడిగారు.

"లేదు."

"మా ఆయనది మొదటి నొక్కుకే లేచిపోయిందండి. లేస్తూనే పద్నాలుగో నంబరు స్పానరు ఏదీ అన్నాడు. ఆ రోజంతా నా చేత స్పానర్లు అందిస్తూనే ఉన్నాడు. ఒకటి తప్పిచ్చానని తిట్టాడు కూడాను." ఆవిడ పమిటతో మొహం తుడుచుకున్నారు. "ఎంత బాగుందో చెప్పలేను."

పెసరట్లు బాగున్నాయని చెప్పాను. ఆవిడ వెళ్లాక తినలేదు.

గోడ పక్కనే ఉంటాను. ఆ రోజు ఆ తిట్లన్నీ నాకూ వినిపించాయి. అప్పుడు కాత్యాయని నా పక్కన కూర్చుని బటన్లు కుడుతోంది. తల ఊపి నవ్వుకుంది. ఇప్పుడు మాణిక్యాంబ గారికి ఒక రోజు ఎక్కువ ఉంది. నాకు లేదు.

8వ రోజు

పనిగొంతుతో పాటు వచ్చిన కాగితాల్లో ఒకటి ఇన్నాళ్లూ చూడలేదు. దాన్ని దేనితో తయారుచేశారో ఆ వివరం.

మొత్తం మాటలు: పందొమ్మిది లక్షల పన్నెండు వేలు. అందులో దక్షిణ లాకు నూకరాజుతో: పద్దెనిమిది లక్షల ఇరవై నాలుగు వేలు. నవ్వు: రెండు వేల మూడు వందల పదహారు సార్లు.

నూకరాజు పేరు విన్నాను. రెండు లాకుల మధ్య ఫోను తీగ ఉంది. రోజంతా దాని మీద మాట్లాడుకుని తలుపులు తిప్పుతారు. అంతవరకే తెలుసు. కాత్యాయని లాకు సంగతులు ఇంట్లో చెప్పేది కాదు. తీగ మీది మాట ఇంటికి తేవద్దు, ఇంటి మాట తీగ మీద అనొద్దు అని శాఖ నియమం. మిగతావాళ్లు పాటిస్తారో లేదో తెలియదు. ఆమె పాటించింది.

సెలవులు పోను ఆమె పనిచేసిన రోజులు మూడు వేల ఎనిమిది వందలు. రోజుకు నాలుగు వందల ఎనభై మాటలు అతనితో.

నిన్నంతా మా ఇంటి మాటలు గుర్తుచేసుకుని లెక్క కట్టాను. కూర ఎలా ఉంది. బాగుంది. రేపు నీళ్లు పట్టాలి. సరే. కిటికీ మూయనా. మూయి. ఎంత పెంచి వేసినా రోజుకు రెండు వందలు దాటలేదు. నవ్వులు లెక్కపెట్టిన వాళ్లు ఎవరూ లేరు.

ఇవాళ ప్రయత్నాలు: ఆరు. ఒక్కటీ లేవలేదు.

12వ రోజు

పెట్టె లోపలి చిట్టా తెరిచి చూశాను. ఇన్నాళ్లూ నంబరు చివర వస్తుందనుకున్నాను. చివర కాదు. నొక్కిన మొదటి సెకనులోనే చిట్టాలో పడుతోంది. తర్వాత ముప్పై తొమ్మిది సెకన్లు ఏమీ జరగదు. అప్పుడు ఆగిపోతోంది.

ఇప్పటికి అరవై ఒక్క ప్రయత్నాలు. నంబర్లన్నీ వేళల ప్రకారం గీతల కాగితం మీద చుక్కలు పెట్టాను. చుక్కలు కలిపాను.

కెరటం వచ్చింది. రోజుకు రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి. అమావాస్య దగ్గర ఎత్తు ఎక్కువ. పోటూ, పాటూ.

అది తప్పు నంబరు కాదు. ఉత్తర లాకు దగ్గర నీటిమట్టం. సెంటీమీటర్లలో. పనిగొంతు ప్రతిసారీ లేచి, లాకు కొలబద్ద చూసి, మట్టం చెప్పి, ఎవరో ఏదో అంటారని ఎదురుచూసి, ఆగిపోతోంది.

నేను రోజూ ఉప్పును ఆటుపోట్ల పక్కన గీసి చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఇది కనిపెట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆమె చెప్పిన మాటను పన్నెండు రోజులు లోపం అనుకున్నాను.

మధ్యాహ్నం 3:15. నొక్కాను. చిట్టాలో 178 పడింది. మైకు దగ్గరికి వంగి, "కాత్యాయనీ, నేను," అన్నాను.

చిట్టాలో: "బదులు సరికాదు."

13వ రోజు

రత్నమేరికి ఫోను చేసి బదులు అంటే ఏమిటని అడిగాను. ఆ నంబర్లు నీటిమట్టమని కూడా చెప్పాను.

"మట్టమా అండి అది? ఆ నంబర్లు పట్టికలో వెతికాను చూడండి, నాదీ బుద్ధి తక్కువే. లాకు వాళ్ల పద్ధతండి. ఒకరు తమ మట్టం చెప్తారు. అవతలివారు ఆ అంకె తిరిగి చెప్పి, తమది కలపాలి. అంతవరకు తలుపు చక్రం మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. మీకు ఇంట్లో తెలీదా? లాకు వాళ్ల పిల్లలు ఆ ఆట ఆడుకుంటారండి."

"మాకు పిల్లలు లేరు."

"అయ్యో. సరే, సులువైపోయింది కదండీ. నూకరాజు గారిని పిలవండి. ఐదు నిమిషాల పని."

"అవసరం లేదు. నేను చెబుతాను."

"మీరు చెప్తే తీసుకోదేమోనండి."

"చూస్తాను."

"సదాశివం గారూ," అన్నారు ఆవిడ, "ముప్పయ్యో రోజు ఐదింటికి చెరిపేది నేనే. నాకా పని పెట్టకండి."

16వ రోజు

దక్షిణ మట్టం శాఖ గంటగంటకూ ప్రకటిస్తుంది. అది చూసి చెబుతున్నాను. చిట్టాలో 201 పడగానే: "రెండు వందల ఒకటి. ఇక్కడ నూట తొంభై నాలుగు." రెండు అంకెలూ సరైనవే. "బదులు సరికాదు."

నెమ్మదిగా చెప్పాను. తొందరగా చెప్పాను. చివర అండీ చేర్చాను. నా గొంతు కాకుండా చెప్పడానికి ప్రయత్నించాను. ఇది రాయకుండా ఉండవలసింది.

మూడు రోజుల్లో ఇరవై రెండు సార్లు. నా నోటి నుంచి ఆమె ఒక్క అంకె కూడా తీసుకోలేదు.

22వ రోజు

దక్షిణం వైపు నీటి నమూనాలు తీసేది వేరొకరు. ఇవాళ నేను తీస్తానని ఆయన దగ్గర సీసాలు తీసుకున్నాను. జేబులో రికార్డరు పెట్టుకున్నాను.

కట్ట మీద గంటన్నర నడక. కుడివైపు సముద్రం, ఎడమవైపు పొలాలు. దక్షిణ పొలాల్లో నీరు నిలిచి ఉంది. నారు పసుపుపచ్చగా మారింది.

నూకరాజు లాకు గది బయట చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. పొట్టి మనిషి. యాభై దాటి ఉంటాయి. ముందు పన్ను ఒకటి లేదు. అది చూసి నాకు కొంత ఊరట కలిగింది. అంత్యక్రియల రోజున జనం చివర తడి పంచెతో నిలబడ్డది ఇతనేనని అప్పుడు గుర్తుపట్టాను.

చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. "మీరొచ్చారేంటండి. కబురెడితే నమూనాలు నేనే పంపేవోణ్ణి కదా."

"ఇటు పని ఉండి వచ్చాను."

"మజ్జిగ తాగుతారా?"

"వద్దు."

లోపల తీగ మీద, ఉత్తర లాకులో ప్రస్తుతానికి పెట్టిన మామూలు ప్రోగ్రామ్ మట్టం చెప్పింది. ఆడా మగా కాని గొంతు. నూకరాజు లేచి, "నూట తొంభై ఆరు. ఇక్కడ నూట ఎనభై ఎనిమిది," అన్నాడు. ప్రోగ్రామ్ ఏమీ అనలేదు. అప్పటికే తలుపు దానంతట అది దిగుతోంది.

"దానికి బదులు అక్కర్లేదండి," అన్నాడు నావైపు చూడకుండా. "నాకే ఊరుకోబుద్ధి కాదు. తలుపు ఇప్పుడు దించకూడదు, ఇంకో పావుగంట ఆగితే పొలాల నీరు దిగిపోద్ది. ఆవిడైతే ఆగేవోరు. ఇది లెక్క చూసుకుని దించేత్తది."

సీసాలు నింపుకున్నాను.

"అక్కడ ఏవన్నా సాయం కావాలా అండి?" అని అడిగాడు. అక్కడ అంటే ఎక్కడో ఇద్దరికీ తెలుసు.

"అక్కర్లేదు," అన్నాను.

రికార్డరులో అతని గొంతు స్పష్టంగా పడింది.

25వ రోజు

రికార్డరులో ఉన్న నూట తొంభై ఆరు కోసం మూడు రోజులు కాచాను. నీరు ఆ మట్టానికి రోజుకు నాలుగుసార్లు వస్తుంది. నొక్కిన క్షణానికి అక్కడ ఉండాలి. రెండుసార్లు 197, ఒకసారి 194.

ఇవాళ ఉదయం 10:52. చిట్టాలో 196. రికార్డరు మైకు దగ్గర పెట్టి వదిలాను. నూకరాజు గొంతు నా ఇంట్లో మోగింది.

పది సెకన్లు. తర్వాత చిట్టాలో కొత్త వరస:

"గాలి దక్షిణానికి తిరిగింది కదా. నూట ఎనభై ఎనిమిది ఉండదు. మళ్లీ చూసి చెప్పండి."

వెంటనే తెర ఆగిపోయింది. గొంతు రాలేదు. అక్షరాలే.

నలభై రోజుల తర్వాత ఆమె అన్న మొదటి మాటలు. చాలాసేపు చదివాను. "తిరిగింది కదా" అన్న దగ్గర ఆమె తల కొంచెం పక్కకు వంచుతుంది. ఆ వంపు నాకు తెలుసు. కానీ మాట అతనితో అన్నది. అబద్ధపు అంకె చెబితే కసురుకోలేదు. మళ్లీ చూసి చెప్పండి అంది. నాతో ఎప్పుడూ అంత ఓపికగా అనలేదు. నేను ఆమెకు తప్పు అంకె చెప్పే సందర్భమే రాలేదు.

రికార్డరులోది చెరిపేశాను.

29వ రోజు

ప్రయత్నాలు లేవు.

తొట్లు పరీక్షించాను. దక్షిణం వైపు ఆరు తొట్లకు ఎర్రజెండా పడిందని అటు తిరిగే ఆయన చెప్పాడు.

చెరిపేస్తే నష్టం ఏమిటని ఉదయం నుంచి ఆలోచిస్తున్నాను. లేచినా నన్ను పలకరించదు. లేవకపోతే అతన్నీ పలకరించదు. మధ్యాహ్నం దాకా ఈ రెండో సంగతి నాకు హాయిగా ఉంది. రాశాను కాబట్టి ఉండనిస్తున్నాను.

సాయంత్రం చిట్టాలో ఆ వరస మళ్లీ తెరిచి చూశాను. గాలి తిరిగింది కదా. రేపు ఐదింటికి అది కూడా పోతుంది.

దక్షిణ లాకుకు ఫోను చేశాను.

"నూకరాజు గారూ, రేపు మా ఇంటికి రాగలరా?"

"వత్తానండి," అన్నాడు. ఎందుకని అడగలేదు.

30వ రోజు

నాలుగు గంటలకు వచ్చాడు. తలుపుల దగ్గర తన కింద పనిచేసే లస్కరును పెట్టి, మట్టం ఫోనులో చెప్పమని పురమాయించి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. గుమ్మం బయటే ఆగాడు.

"రండి."

"ఇంటోరు పిలవందే ముప్పై రోజులు పనోళ్లం గడప తొక్కకూడదండి. అందుకే ఆగిపోయాను. లేకపోతే మొదటి రోజే వత్తును."

"ఎందుకు లేవడం లేదో తెలుసా మీకు?"

"తెల్సండి. ఇరవైరెండో రోజు మీరొచ్చినప్పుడు అడుగుతారనుకున్నాను." కొంచెం ఆగి, "జేబులో ఎర్రలైటు వెలుగుతా ఉంటే, సర్లే అనుకున్నాను," అన్నాడు.

అతని మొహంలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

లోపలికి తెచ్చి కుర్చీ చూపించాను. కూర్చునే ముందు ఒకటి అడిగాను. అడగకూడదని రాత్రి నిర్ణయించుకున్నదే.

"నా గురించి ఎప్పుడైనా అనేదా?"

"లేదండి."

"ఒక్కసారి కూడా?"

"ఇంటి మాట తీగ మీద అనకూడదు కదండీ. ఆవిడకి నియమం ఎక్కువ." చేతులు తొడల మీద రుద్దుకున్నాడు. "నేను చెప్పేవోణ్ణి. మా ఇంటావిడ సంగతులు, బెల్లం గవ్వలు మాడిన సంగతి. నవ్వేవోరు. మీ ఇంట్లో ఏం వండారండీ అంటే, మట్టం చెప్పండి అనేవోరు."

4:38. నొక్కాను. తెర నల్లబడింది. చిట్టాలో 171.

నూకరాజు ఫోను చెవికి పెట్టుకుని విన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నూట డెబ్భై ఒకటి. ఇక్కడ నూట అరవై మూడు."

తెర వెలిగింది. స్పీకరులో చిన్న గరగర. తర్వాత ఆమె.

"ఏం నూకరాజు గారూ, ఇంతసేపా? కునుకు తీశారా?"

నూకరాజు కుర్చీ అంచుకు జరిగాడు. కళ్లు తుడుచుకోకుండా పైకి చూశాడు. "లేదండి," అన్నాడు చివరికి. "దార్లో ఆలస్యమైందండి."

"లాకు గదిలో కూర్చునేవాళ్లకు దారేమిటండి? సరే. పాటు మొదలైంది. మీ రెండో తలుపు ఎత్తండి. మూడోది వద్దు."

గొంతు ఆమెదే. వేగం వేరు. ఈ గొంతులో గాలి ఎక్కువగా ఉంది, ఆరుబయట మాట్లాడే మనిషిలా. పదకొండేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఈ గొంతును నేను వినలేదు. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"ఎవరో ఉన్నారు," అంది. "మీ పక్కన. ఊపిరి వినిపిస్తోంది."

నూకరాజు నావైపు చూశాడు.

"తలుపు ఎత్తేటప్పుడు గదిలో బయటివాళ్లు ఉండకూడదు. తెలుసు కదా మీకు. పంపించండి."

"ఇదీ... ఈయనండి..." అన్నాడు నూకరాజు.

వద్దని చెయ్యి ఊపాను. అతను చెబితే ఆమెకు అర్థం కాదు. ఇంటి మాట ఒక్కటీ ఆ పందొమ్మిది లక్షల్లో లేదు. అర్థం కాక ఆమె తటపటాయిస్తే, నేను ఆ తటపటాయింపును విన్నవాణ్ణవుతాను. అది వద్దు.

చెప్పులు తీసుకుని బయటికి వచ్చాను. తలుపు దగ్గరగా వేశాను.

4:50కి రత్నమేరికి ఫోను చేసి లేచిందని చెప్పాను. "హమ్మయ్య," అన్నారు. "మాట్లాడారా అండి మీతో?"

"పనిలో ఉంది," అన్నాను.

అరుగు మీద కూర్చున్నాను. మాటలు తెలియడం లేదు, గొంతులు తెలుస్తున్నాయి. అతను ఒకటి అంటాడు, ఆమె ఒకటి అంటుంది. అంకెలు. మళ్లీ అంకెలు. ఒకసారి నవ్వింది. శాఖ లెక్క ప్రకారం రెండు వేల మూడు వందల పదిహేడు. మాణిక్యాంబ గారు బయటికి వచ్చి, విని, నన్ను బయట చూసి, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లారు.

నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. ఆ కుర్చీలో ఉన్నవాణ్ణి లేపి బయటికి పంపి, అంకెలు నేనే నేర్చుకుని, ఏళ్లు పట్టినా సరే ఆమెకు నా గొంతు అలవాటు చెయ్యాలని ఉంది. ఆనవాయితీ ప్రకారం ఈ రోజు నాది. పనిగొంతును లాకుకు పంపే కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపగలను కూడా.

నూకరాజు గొంతు పొడుగ్గా సాగింది. ఏదో కథ చెబుతున్నాడు. మధ్యలో తెగిపోయింది.

తలుపు తెరుచుకుంది. అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆగిపోయిందా?" అని లేచాను.

"లేదండి. చెడిపోలేదు. ఆరైంది." తల గోక్కున్నాడు. "ఎప్పుడూ ఇంతేనండి. ఆరు కొడితే 'వెళ్లాలి' అని తీగ పెట్టేసేవోరు. నేను మాట మధ్యలో ఉన్నా సరే. పదకొండేళ్లలో ఒక్క రోజు ఆగలేదు. ఇంకో నిమిషం ఉండండి, ఈ ముక్క చెప్పేత్తానంటే, రేపు అనేవోరు." నవ్వబోయి మానేశాడు. "నాకు ఒళ్లు మండేదండి. అంత తొందర ఎక్కడికో అనుకునేవోణ్ణి."

అతను వెనక ఇంటిని, అరుగును, నన్ను ఒకసారి చూశాడు. తర్వాత చెప్పులు వేసుకున్నాడు.

"రేపు పొద్దున్నే లాకు దగ్గరుంటానండి. పంపుతారు కదా?"

"పంపుతాను."

కట్ట ఎక్కి వెళ్లిపోయాడు. నేను లోపలికి వెళ్లలేదు. ఉత్తర లాకు నుంచి మా ఇంటికి నడక ఇరవై నిమిషాలు. ఆమె రోజూ ఆరూ ఇరవైకి ఇంటికి వచ్చేది. ఆరూ ఇరవై అయ్యేదాకా అరుగు మీదే, దారి కనిపించేటట్టు కూర్చున్నాను.

6:25. పంపే కాగితం మీద సంతకం పెట్టాను.